హెల్మెట్ దాచే బటన్ మనకీ కావాలి

హైదరాబాద్ బండివాళ్ల కష్టాలకు పరిష్కారం ఒక ఆటలో ఎప్పటినుంచో ఉందనీ, ఇంతవరకూ ఏ అధికారీ దాన్ని పట్టించుకోలేదనీ మిక్కిలి బాధతో రాస్తున్నాను. కత్తులూ డ్రాగన్లూ ఉండే ఆన్‌లైన్ ఆటల్లో చాలావాటిలో 'హెల్మెట్ దాచు' అని ఒక సెట్టింగు ఉంటుంది. నొక్కామా, హెల్మెట్ మాయం, జుట్టు బయటికి. రక్షణకు మాత్రం ఏ లోటూ ఉండదు, డ్రాగన్ మొహమ్మీద నిప్పు కక్కినా లెక్కలో హెల్మెట్ ఉన్నట్టే. మరి మనమేం చేస్తున్నాం? హెల్మెట్ మోచేతికి తగిలించుకుని ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట దాకా వచ్చి, చౌరస్తాలో పోలీసాయన కనబడగానే గబుక్కున తలమీద బోర్లిస్తున్నాం. అక్కడా ఇక్కడా బాధ ఒకటే, జుట్టు చెదరకూడదు. కాకపోతే ఇక్కడ రక్షణంతా మోచేతికే దక్కుతోంది.

జుట్టు కోసం ఇంత గొడవా అనేవాళ్లు ఆ జుట్టు వెనకున్న శ్రమ చూడలేదు. అలాంటి ఒక ఆటలోకి దిగే ముందు మన బొమ్మని మనమే తయారు చేసుకోవాలి, నేను శనివారం పొద్దున తొమ్మిదింటికి కూర్చుని నా యోధుడి ముఖం మొదలుపెట్టాను. దవడ వెడల్పు, కనుబొమ్మల వంపు, ముక్కు దూలం, పెదవి చివర, దేనికదే ఒక స్లైడర్, అంటే అటూ ఇటూ జరిపి కొలత మార్చే మీట. అద్దెకుండే ఇంట్లో క్యాలెండర్ కోసం గోడకి ఒక మేకు కొట్టుకుంటానంటే ఓనరు ఒప్పుకోలేదు, ఇక్కడేమో చెంప ఎముక ఎక్కడుండాలో నన్నే అడుగుతున్నారు. ఇంత అధికారం చేతికొచ్చాక మనిషి తొందరపడతాడా? పన్నెండున్నరకి రూమ్మేటు తొంగిచూసి, "ఏంరా భై, ఆట ఇంకా షురూ కాలేదా? పొద్దుగాల్నుంచి ముక్కే సాపు జేస్తున్నవ్" అన్నాడు. కళ గురించి వాడికేం తెలుసు.

ఈ హక్కులు ఊరికే రాలేదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట 2004లో వచ్చింది, అందులో కటింగ్ షాపు 2008లో గానీ తెరవలేదు. అంటే అంత పెద్ద ప్రపంచంలో, రాజ్యాలూ రాక్షసులూ వేలం పాటలూ అన్నీ ఉండి, మొదటి రోజు ఏ క్రాపుతో దిగితే నాలుగేళ్లపాటు అదే క్రాపు. రూపంలో ఇంకా చాలా మార్పులు ఆ షాపులోనే చేసుకునే వీలు 2020కి గానీ రాలేదు. మన దగ్గర మంగళవారం ఒక్కరోజు షాపు మూస్తేనే ప్రాణం కొట్టుకుంటుంది. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఇంకో ఆటలో పద్ధతి వేరు, అక్కడ రూపం మారాలంటే ఫాంటాసియా అనే మందు తాగాలి. కథలో ఒక దశ దాటితే ఒక సీసా ఉచితం, ఆ తర్వాత కావాలంటే సీసా 10 డాలర్లు. ఆ డబ్బుతో ఇద్దరం బిర్యానీ తిని ఇరానీ చాయ్ కూడా తాగొచ్చని మా రూమ్మేటు లెక్క. 2024లో ఆ ఆట బొమ్మల్ని మెరుగుపరిస్తే, మా ముఖం మా ముఖంలా లేదని ఆటగాళ్లు గోల పెట్టారు. ఆ మార్పు సందర్భంగా ఆటవాళ్లు ఒక సీసా ఊరికే ఇచ్చారు. నా గుర్తింపు కార్డు ఫొటో నాలా లేదని నేను పదేళ్లుగా మొత్తుకుంటున్నాను, నాకెవరూ సీసా ఇవ్వలేదు.

ఇంతకీ అన్ని స్లైడర్లూ తిప్పి నేనేం తయారు చేశానంటే: ఆరడుగుల పైన ఎత్తు, తెల్ల జుట్టు, ఎడమ కంటి మీద గాటు. ఇలాంటివాడు లోకంలో ఒక్కడే ఉంటాడనుకుని ఆటలోకి దిగితే ఊరి బావి దగ్గర ఏడుగురు నిలబడి ఉన్నారు, అందరికీ తెల్ల జుట్టే, ఎడమ కంటి మీద గాటే. అమీర్‌పేట హాస్టల్లో టిఫిన్ లైను చూసినట్టనిపించింది. బ్లాక్ డెజర్ట్ అనే ఆటలో జుట్టు నొక్కులు కూడా ఎవరికి వాళ్లు దిద్దుకోవచ్చు, అయినా అందులో బ్యూటీ ఆల్బమ్ అని ఒకటి పెట్టారు, వేరేవాళ్లు చేసిన ముఖం నచ్చితే దించుకుని తగిలించుకోవచ్చు. ఫోన్లో హీరో బొమ్మ చూపించి "అన్నా, ఇట్ల కొట్టు" అనే వసతన్నమాట. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ అనే ఆటలో ఒళ్లు దిద్దుకోవడానికి ఒక త్రికోణం ఇచ్చారు, ఒక మూల సన్నం, ఒక మూల కండ, ఒక మూల లావు. ఆ మూడో మూలకి మా బ్యాచిలో ఒక్కడు పోలేదు. నెలనెలా జిమ్ముకి ఫీజు కట్టి వెళ్లనివాళ్లం, పుణ్యానికి వచ్చే కండని వదులుకుంటామా?

అసలు బాధ చెప్పనేలేదు. మూడున్నర గంటలు చెక్కిన ముఖం, ఆట మొదలవగానే కెమెరా వెళ్లి వీపు వెనక నిలబడింది. అప్పట్నుంచీ నేను చూస్తున్నది నా యోధుడి వీపు, దాని మీద ఒక డాలు. కెమెరా తిప్పి ముఖం చూసుకోవచ్చు, కాదనను, కానీ అలా చూసుకుంటూ నడిచిన రెండుసార్లూ కొండ మీంచి పడ్డాను.

రూమ్మేటు ఆదివారం సాయంత్రం ఆటలోకి దిగాడు. ర్యాండమ్ అని ఉన్న బటన్ ఒక్కసారి నొక్కాడు, పచ్చటి ఒళ్లు, బానలాంటి పొట్ట, ఒంటి పన్నుతో ఒక మరుగుజ్జు వచ్చాడు, వాణ్నే తీసుకుని నిమిషంలో బయల్దేరాడు. గంటలో ఊరంతా వాణ్ని గుర్తుపట్టేసింది. రాత్రి అందరం కలిసి గుహలోకి వెళ్లాం. డ్రాగన్ లేచింది, నా ప్రాణం సగానికి వచ్చింది, హీలర్‌గా, అంటే మాకు మందేసి బతికించే పనిలో, ఉన్న కుర్రాడు కొత్తవాడు, పేరు చూడకుండా తెల్ల జుట్టు చూసి క్లిక్ చేశాడు. మందు నా పక్కవాడికి పడింది. మళ్లీ చేశాడు, ఈసారి ఇంకో తెల్ల జుట్టుకి. మధ్యలో ఆ పచ్చ మరుగుజ్జుకి మాత్రం రెండుసార్లు సరిగ్గా తగిలింది.

నేను పడిపోయాను. కనీసం ఇప్పుడైనా ముఖం కనిపిస్తుందని చూస్తే, బోర్లా పడ్డాను.