నెపం వాన మీదికి నెట్టకండి

వానలు వెలిసి చలి ముదిరింది. శ్రీకాకుళం జిల్లా రోడ్ల మీద గోతులు మాత్రం పూడలేదు. ఎప్పుడు అడిగినా అధికారులది ఒకటే మాట: "వానలకు పాడయ్యాయండీ". ఏటా వింటున్న ఈ జవాబును ఇక ఒప్పుకోకూడదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాను ఏ గతి పట్టించిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. 2021లో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. అంతటి గాలివానకు రోడ్డు కొట్టుకుపోతే ఎవరినీ తప్పుపట్టలేం, నిధులు అరకొరగా వస్తాయన్నదీ నిజమే. కానీ మామూలు ముసురుకే తారు లేచిపోతే దానికీ తుపాను పేరేనా?

ఏదైనా గోతి దగ్గర వంగి చూడండి. అంచున ఉన్న కంకర రాయి వేలితో లాగితే ఊడి వచ్చేస్తుంది. దానికి తారు చుక్క కూడా ఉండదు, కడిగిపెట్టినట్టు ఉంటుంది. పగుళ్లలోంచి దిగిన నీరు రాయికీ తారుకీ మధ్య చేరి రెంటినీ విడదీసింది. కింద మట్టి మెత్తబడింది. దాని మీద టెక్కలి గ్రానైట్ దిమ్మెల లారీ వెళ్తే ఇంకేం మిగులుతుంది? ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లవుతుందని ఇంజినీర్లు చదువుకునే రోజుల్లోనే నేర్చుకుంటారు. ఓవర్‌లోడ్ లారీని వదిలేసింది వాన కాదు. బెర్ములు, అంటే రోడ్డు పక్క మట్టి అంచులు, రోడ్డు కన్నా ఎత్తు పెరిగి నీటికి అడ్డం పడితే చెక్కించనిది వాన కాదు. తూముల్లో పూడిక తీయించనిదీ, పక్క కాలువ పూడ్చి షాపు కట్టుకుంటే చూసీచూడనట్టు ఊరుకున్నదీ వాన కాదు.

మంచు పడే దేశాల్లో పగుళ్లలోని నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, రోడ్డును లోపల్నుంచి చీలుస్తుంది. మంచు కరగడానికి చల్లే ఉప్పు వంతెనల ఇనుమును తినేస్తుంది. వాళ్లకు రోడ్లను పాడుచేసే శీతాకాలమే మనకు పనికాలం. నేల ఆరి ఉంటుంది, తారు గట్టిగా పట్టుకుంటుంది. ఆ నెలలన్నీ ఎస్టిమేట్లతో గడిపేసి తొలకరి ముందు హడావిడిగా తారు పోస్తే అది ఎన్నాళ్లు ఆగుతుంది? ఉప్పు బాధ మనకూ ఉంది. సముద్రం ఒడ్డున నౌపడ, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఇనుప గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో అక్కడివాళ్లను అడగండి. అదే గాలి వంతెనల్లోని కడ్డీలకూ తగులుతుంది. తుప్పుపట్టిన కడ్డీ ఉబ్బి పైనున్న కాంక్రీటును పెళ్లగిస్తుంది. పెచ్చులూడాక "సముద్రపు గాలండీ" అని చేతులు దులుపుకుంటారా?

ఈ సాకు ఒక్కసారి చెల్లితే ప్రతిసారీ చెల్లుతుంది, మా భయం అదే. ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన కింద వేసిన రోడ్డుకు 5 ఏళ్ల నిర్వహణ బాధ్యత వేసిన కాంట్రాక్టరుదే. ఆ గడువు తీరకుండానే రోడ్డు పోతే, కారణం వాన అని రాసి ఫైలు మూసేస్తే, రేపు ఇంకో కాంట్రాక్టరు అదే మాట చెప్పి తప్పుకోడా?

రాత్రిపూట బండి మీద వచ్చేవాళ్లు పడిపోతారని ఊరి కుర్రాళ్లు గోతిలో వేపకొమ్మ పాతి, దానికి ఎర్రగుడ్డ కడుతున్నారు. జీతం తీసుకునేవాళ్లు చేయాల్సిన పని అది. జీపు దిగండి. బెర్ములు చెక్కించండి, తూములు తెరిపించండి, గడువు తీరని రోడ్ల కాంట్రాక్టర్లను పిలిపించి సంజాయిషీ అడగండి. ఇవేవీ చేయకుండా వచ్చే వర్షాకాలంలో మళ్లీ వాన పేరు చెప్పడానికి మీకు నోరెలా వస్తుంది?