సరస్వతి చదివింది సరే, బడి సంగతేంటి?

తిరుపతిలో జరిగే కథ అంటే ఇక్కడివాళ్లం ముందే కాస్త మొగ్గి ఉంటాం. 2024 సెప్టెంబరు 6న విడుదలైన ‘35 చిన్న కథ కాదు’ గురించి ఎవరినైనా అడగండి, "బాగుండాదిలేప్పా" అంటారు. బాగా లేదని నేనూ అనను. చూసి ఏడ్చినవాళ్లను తప్పుపట్టను కూడా. నాకు మాత్రం సగమే ఎక్కింది.

దర్శకుడు నందకిశోర్ ఈమానికి ఇది తొలి సినిమా. లెక్కలు బుర్రకెక్కని పెద్దకొడుకు అరుణ్, వాణ్ని ‘జీరో’ అని పిలిచే లెక్కల మాస్టారు చాణక్య, పదో తరగతి తప్పి చదువు ఆపేసిన తల్లి సరస్వతి. కొడుకును గట్టెక్కించడానికి ఆ తల్లి మళ్లీ పుస్తకం పడుతుంది. నివేదా థామస్ ముప్పై నిండకముందే బడికెళ్లే పిల్లల తల్లిగా కనిపించడానికి ఒప్పుకుంది, ఒప్పుకున్నందుకు న్యాయం చేసింది. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో 2024కి ఉత్తమ నటి ఆమే. ఇందులో నాకు ఏ పేచీ లేదు.

పేచీ అంతా ఆ పిల్లవాడి ప్రశ్న దగ్గర మొదలవుతుంది. సున్నాకు విలువే లేదంటారు, మరి ఒకటి పక్కన చేరగానే తొమ్మిది కన్నా పెద్దది ఎట్లా అవుతుంది? ఇది మొద్దు పిల్లవాడు అడిగే ప్రశ్న కాదు. సున్నాతో ఎలా కూడాలి, ఎలా తీసివేయాలి అని 628లోనే సూత్రాలు రాసిన బ్రహ్మగుప్తుడు కూడా సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా వస్తుందని చెప్పి అక్కడ తడబడ్డాడు. పిల్లవాడి సందేహానికి జవాబు స్థానవిలువలో ఉంది. సున్నా ఒకట్ల స్థానాన్ని పట్టుకుని కూర్చుంటుంది కాబట్టి ఒకటి పదుల స్థానానికి జరుగుతుంది. పది పుల్లలు కట్ట కట్టి చూపిస్తే అర్థమయ్యే సంగతి. దాని చుట్టూ మంచి నాటకం నడపొచ్చు. ఒక తల్లి ఆ ముడి విప్పడానికి పడే తిప్పలు, తప్పుదారులు, చివరికి తనకే వెలిగిన క్షణం చూపించొచ్చు. సినిమాలో అది లేదని కాదు. ఉన్నదానికన్నా కన్నీళ్లు ఎక్కువయ్యాయి. లెక్క తేలేలోపు నేపథ్య సంగీతం మన గుండె పట్టుకుంటుంది, ఇక లెక్క ఎవరికి కావాలి?

బడి విషయం ఇంకా ఇబ్బంది పెట్టింది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా కూడదంటుంది. క్లాసు అందరి ముందూ ఒకణ్ణి ‘జీరో’ అని పిలవడం అందులోకి రాదా? కథ మాత్రం దాన్ని ఒక మాస్టారి మొండితనంగానే చూస్తుంది. యాజమాన్యం, మిగతా టీచర్లు, ర్యాంకుల బోర్డులు వేసే మన ఊళ్ల అలవాటు, ఇవన్నీ చల్లగా తప్పించుకున్నాయి. బరువంతా ఇంట్లో ఆడమనిషి నెత్తిన పడింది. వంట చేసుకుని, పిల్లలను తయారుచేసి, మొగుడితో మాటలు పడి, ఆపైన లెక్కలు నేర్చుకుని ఆమే గెలవాలి. మన పదో తరగతిలో హిందీకి 20 వస్తే పాస్, లెక్కలకు 35 కావాలి. ఆ 35 కోసం తల్లులు పడే టెన్షన్ నిజమే, ఇంటింటా చూస్తున్నదే. ఆ టెన్షన్‌ను తల్లి గొప్పతనంగా చూపించి చప్పట్లు కొట్టించడం దగ్గరే నాకు మనసు ఒప్పలేదు. కాస్త కోపం కూడా వచ్చింది.

ఇక ఊరు. గోపురాలు, వీధులు, కొండ కనిపించే మేడలు అన్నీ చక్కగా తీశారు. అయితే అది చాలావరకు దర్శనానికి వచ్చినవాళ్ల కంటికి ఆనే తిరుపతి. కొండ కింద సంసారం చేసేవాళ్లది వేరే లోకం. ఎక్కడెక్కడి బంధువులో ఫోన్ చేసి "దర్శనం టికెట్లు ఏమన్నా దొరుకుతాయా?" అంటారు, రెండు గదుల ఇంట్లోకి పది మంది బ్యాగులతో దిగుతారు, పిల్లల పరీక్షలు ఉన్నాయని చెప్పడానికి నోరు రాదు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు అలిపిరి వైపు పోవాలంటే దేవుడే దిగిరావాలి. గంగమ్మ జాతర వస్తే మగపిల్లలు చీరలు కట్టి వేషాలేసుకుని వీధిన పడతారు, ఆ వారంలో లెక్కల పుస్తకం తెరిచేదెవరు? చదువుకు అడ్డుపడే ఇలాంటివేవీ కథను నడిపించే బలంగా మారలేదు. ఊరు నేపథ్యంగానే మిగిలింది.

ఓ చిన్న పాత్రలో తమిళ దర్శకుడు, నటుడు భాగ్యరాజ్‌ను చూడగానే ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు ప్రాణం లేచి వస్తుంది. అరవ సినిమా మాకు పరాయిది కాదు కదా. ఇంటి గొడవలతోనే నవ్వించి, ఆ నవ్వు ఆగకముందే కళ్లు తడి చేయడం ఆయనకు బాగా తెలిసిన పని. అట్లాంటి మనిషిని ఎదురుగా పెట్టుకుని కూడా సినిమా అంత గంభీరంగా ఎందుకు ఉందో అర్థం కాలేదు. పిల్లలున్న చోటల్లా నవ్వు దానంతటదే వచ్చింది, పెద్దలు అందుకోగానే తగ్గింది.

ఓటీటీలో దొరుకుతుంది, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు, ఇబ్బంది పడే సీన్లు లేవు. రెండోసారి చూడమంటే నేను పిల్లల సీన్ల వరకు చూసి లేచిపోతాను.