ఒక్కో దేశానికి ఒక్కో పేజీ ఇచ్చిన పుస్తకం గారికి

మహారాజశ్రీ ప్రపంచ దేశాల బొమ్మల పుస్తకం గారి దివ్యసముఖానికి, బరంపురం నుంచి ఒక మేనమామ చేసుకునే విన్నపం.

ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా మా మేనకోడలి బ్యాగులో, టిఫిను డబ్బా పక్కన క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. తమరికి పేరు ఒకటని లేదు. అట్ట మారుతుంది, ధర మారుతుంది, లోపల మాత్రం ఎప్పుడూ తమరే. గ్లోబు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లలు, తలకో టోపీ, చేతికో జెండా.

ముందు మెచ్చుకోళ్లు. ప్రపంచం ఇంత సులువని తమరు చెప్పేదాకా మాకు తెలీదు. పేజీకి ఒక దేశం, దేశానికి ఒక పిల్ల, ఒక వంట, ఒక కట్టడం. తమరి లోకంలో బస్సు కండక్టర్లు లేరు, కరెంటు బిల్లులు రావు, ఎవరికీ జలుబు చెయ్యదు. జపాన్ పిల్ల కిమోనోలోనే నిద్ర లేస్తుంది. హాలెండు పిల్లాడు చెక్క బూట్లతోనే బడికి పోతాడు. మాది పట్టుకి పేరున్న ఊరండీ. అయినా ఆ పట్టు నేసేవాళ్ల ఇళ్లలో పిల్లలు కూడా యూనిఫారంలోనే బడికి పోతారు, ఆదివారం పాత నిక్కరేసుకుని వీధిలో క్రికెట్ ఆడతారు.

మన దేశం పేజీ దగ్గర మా పిల్ల ఆగిపోయింది. తలపాగా చుట్టుకున్న అబ్బాయి, వెనక తాజ్‌మహల్, పక్కన ఏనుగు, కింద 'ఇక్కడివారు హిందీ మాట్లాడతారు' అని ఒక ముక్క. "ఈ అబ్బాయెవరు మావయ్యా?" అంది. "నువ్వేనే" అన్నాను. నమ్మలేదు. అమ్మతో తెలుగు, నాయనమ్మతో ఒడియా, బళ్లో ఇంగ్లీషు, టీవీ ముందు మాత్రం హిందీ. ఇదీ దాని సంగతి. 1936 ఏప్రిల్ 1న మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాలోకి వచ్చింది. ఎవరూ సామాను సర్దలేదు, ఇల్లు మారలేదు, రాష్ట్రమే మారింది. ఇలాంటి ఊళ్లకి తమరి దగ్గర రంగు పెన్సిలు ఉండదు లెండి.

ఆఫ్రికా అనే 'దేశం' గురించి కూడా తమరి పుణ్యమా అని తెలుసుకున్నాం. అక్కడ 54 దేశాలున్నాయని ఐక్యరాజ్యసమితి అనుకుంటోంది, పాపం. తమరు అన్నిటికీ కలిపి ఒక్క పేజీ ఇచ్చి, అందులో సగం సింహానికి కేటాయించారు. మిగిలిన సగంలో ఈటె పట్టుకున్న ఒక కెన్యా మనిషి. ఆ కెన్యాలో 2007 నుంచే జనం ఎం-పెసా అని మామూలు ఫోన్లలో డబ్బు పంపించుకుంటున్నారు. మనకి యూపీఐ వచ్చింది 2016లో. మా బజార్లో చేపలమ్మే ఆవిడ స్కానర్ పెట్టుకుని ఎంత గొప్పగా చూస్తుందో తమరు చూడాలి. ఈ పనిలో కెన్యా వాళ్లు తనకంటే సీనియర్లని ఆవిడకి తెలీదు. తమరికీ తెలీదు.

ఉత్తర ధ్రువం పిల్లాణ్ణయితే ఇగ్లూలోంచి బయటికే రానివ్వలేదు. అక్కడి ఇన్యూట్ అనే జనంలో కొన్ని ప్రాంతాలవాళ్లు వేటకి పోయినప్పుడు కట్టుకునే మంచు గూడు అది. అలాస్కాలో చాలామందికి ఆ అలవాటే లేదు. ఇప్పుడు వాళ్లుండేది హీటర్లున్న మామూలు ఇళ్లలో. కెనడాలోని నునావుట్‌లో కిరాణా ధరలు చూసి తల పట్టుకుంటారట. ఆ ముక్క వేసుంటే మా పిల్లకి వాళ్లు వెంటనే చుట్టాలయిపోయేవారు. ఇంట్లో అది రోజూ వినేది ఆ గోలే కదా.

ఇక అసలు ఫిర్యాదు. మాకు దగ్గర్లోనే గోపాలపూర్ రేవు ఉంది. ఒకప్పుడు అక్కడ స్టీమరెక్కి మా వైపు జనం బర్మాలోని రంగూన్ పోయేవారు. అక్కడి రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పని చేశారు. 1931 జనగణనలో రంగూన్ జనాభాలో సగానికి పైగా మన దేశంవాళ్లే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్లు పోయారు. తమరి బర్మాలో గొడుగు పట్టుకున్న ఒక అమ్మాయి, బంగారు గోపురం. అమ్మాయి నవ్వుతోంది. ఆ అమ్మాయి ముత్తాతా, మా వీధిలో ఎవరో ఒకరి ముత్తాతా ఒకే ఓడలో బియ్యం ఎత్తి ఉండొచ్చన్న సంగతి మా పిల్లకి ఎవరు చెప్పాలి?

టిబెట్ పేజీలో యాక్ ఉంది, మంచు ఉంది. టిబెట్ వాళ్లు మా పక్క జిల్లా గజపతిలో, చంద్రగిరి దగ్గర 1963 నుంచి ఉంటున్నారు. మొక్కజొన్న పండిస్తారు. అక్కడి జీరంగ్‌లో కట్టిన పెద్ద బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. అక్కడే పుట్టిన పిల్లల్లో చాలామంది యాక్‌ని తమరి పేజీలోనే చూసి ఉంటారు.

అదే జిల్లాలో సవరలనే గిరిజనులు గోడల మీద ఇడితాల్ అనే బొమ్మలు వేస్తారు. వాళ్లకి పేజీ లేదు, పరదేశం కాదు కదా. పర్లాకిమిడిలో మేష్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. ముందు నేర్చుకున్నారు, తరవాత రాశారు. ఈ వరుసని తమరి సంపాదకవర్గం పరిశీలించగలరు.

పిల్లలకి పరాయి దేశం చూపించడం చేతకాని పని అనను. మా చిన్నప్పుడు సోవియట్ పుస్తకాలు తెలుగులో చవగ్గా దొరికేవి. 'రష్యా పిల్లలు ఇలా ఉంటారు' అని వాటిలో ఎక్కడా ఉండేది కాదు. ఆ పిల్లలు పేచీలు పెట్టేవారు, తిట్లు తినేవారు. మధ్యలో మంచు కురిసేది, అదేమిటో ఎవరూ విడమరిచేవారు కాదు. మేమే ఊహించుకునేవాళ్లం. మా బరంపురంలోనే పుట్టిన ఉప్పల లక్ష్మణరావు గారు మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలు తెలుగు చేశారు. (ఈ మాట మేం ఎవరడిగినా అడక్కపోయినా చెబుతాం.)

కాబట్టి ప్రార్థన ఏమనగా, కెన్యా పిల్ల గురించి తమరు రాయొద్దు. కెన్యా వాళ్లు వాళ్ల పిల్లల కోసం రాసుకున్న కథ ఒకటి తెచ్చి తెలుగులో పెట్టండి. అందులో పిల్ల చెడ్డదైతే మరీ మంచిది. వంటల పేర్లు అర్థం కాకపోతే మానె. ఇక్కడి పెళ్లి భోజనాల్లో పేరు తెలీకుండా ఎన్ని తినలేదు?

ఇంకొక్క మాట. ఈ ఉత్తరం చదివి జాలిపడి, వచ్చే ముద్రణలో మాకూ ఒక పేజీ ఇద్దామనుకుంటారేమో. వద్దండి బాబూ. మా పిల్లకి పట్టులంగా కట్టించి, చేతిలో బరంపురం అప్పడం పెట్టి, వెనక గోపాలపూర్ లైట్‌హౌస్ గీసి, కింద 'ఈమె ఫలానా భాష మాట్లాడుతుంది' అని రాస్తారు. ఆ ఫలానా దగ్గర ఏది రాసినా ఇటు మా అమ్మకీ అటు దాని నాయనమ్మకీ మాటలుండవు. మధ్యలో టెన్షన్ నాది.

ఇట్లు,
తమరిని కొనిచ్చిన మేనమామ,
బరంపురం, గంజాం జిల్లా