గీత దాటిన పైలట్‌ను శిక్షిస్తే గీత కనిపిస్తుందా?

లండన్ చుట్టూ చాలాచోట్ల 2,500 అడుగుల ఎత్తు నుంచే నియంత్రిత గగనతలం, అంటే కంట్రోలర్ల అనుమతి ఉంటేనే ఎగరాల్సిన ఆకాశం, మొదలవుతుంది. దాని కింద సెస్నాల్లాంటి చిన్న విమానాలు, గాలి మీద తేలే గ్లైడర్లు తిరుగుతుంటాయి. వాటిలో ఒక్కటి అనుమతి లేకుండా పైకి వచ్చినా కంట్రోలర్లు టేకాఫ్‌లు ఆపాల్సి రావచ్చు, దిగే విమానాలను పక్కకు మళ్లించాల్సి రావచ్చు. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ వేస్తున్న మందు తెలిసిందే: విచారణ, కోర్సు, ముదిరితే లైసెన్స్ తాత్కాలిక నిలిపివేత. ఈ మందు రోగానికి తగలదు.

రోగం ఎక్కడుందో చూడండి. ఆ రోజు గాలి పీడనం 1023 హెక్టోపాస్కల్స్ అనుకుందాం. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ను పైలట్ ప్రామాణిక పీడనమైన 1013 మీదే వదిలేశాడు. ఒక్కో హెక్టోపాస్కల్‌కు సుమారు 28 అడుగుల తేడా. ముల్లు 2,300 చూపిస్తుంటే విమానం 2,580 దగ్గరుంటుంది. అంచుకు 200 అడుగులు కిందగా, పక్కకు 2 నాటికల్ మైళ్లు దూరంగా ఉండమనే ‘టేక్ టూ’ సూత్రం పాటించాననే అతను నమ్ముతాడు. గ్లైడర్‌ది మరో చిక్కు. వేడిగాలి దొరికినచోట చుట్లు తిరుగుతూ ఎక్కాలి. 15 నాట్ల గాలిలో పది నిమిషాలు తిరిగితే రెండున్నర నాటికల్ మైళ్లు కొట్టుకుపోతుంది. పైలట్ చూపేమో అదే గాలిలో తిరిగే పక్క గ్లైడర్ల మీద ఉంటుంది. ఉండాలి కూడా.

ఇక్కడ పనికొచ్చేది విమానం ఎక్కడుందో ఎప్పటికప్పుడు చూపే ట్యాబ్‌లోని మూవింగ్ మ్యాప్. గీత దగ్గరపడితే అది ఇచ్చే హెచ్చరికను హెడ్‌సెట్‌కు కలపాలి, ఎండలో తెర కనబడదు. రాడార్‌కు విమానం కోడ్, ఎత్తు పంపే ట్రాన్స్‌పాండర్‌లో, ‘మీ ఫ్రీక్వెన్సీ వింటున్నాను’ అని తెలిపే ఆ ప్రాంతపు లిజనింగ్ కోడ్ పెట్టి, దాని ఫ్రీక్వెన్సీ వింటుండాలి. మాట్లాడక్కర్లేదు, దారి తప్పుతుంటే కంట్రోలరే పిలుస్తాడు. ఫ్రీక్వెన్సీ మార్చేటప్పుడు కోడ్‌ను తిరిగి మామూలు కోడ్ 7000కి తేవడం మరిస్తే మాత్రం ఆ పిలుపు ఎవరికీ చేరదు.

వందల ప్రాణాలున్న విమానాల దారిలోకొస్తే ఉపేక్షించాలా అంటారు. కావాలని దాటేవాడి లైసెన్స్ తీసేయండి. పొరపాటుకూ అదే భయం పెడితే చెయ్యి ట్రాన్స్‌పాండర్ స్విచ్ మీదకే వెళ్తుంది. అది ఆగితే రాడార్‌పై ఎత్తు తెలియదు, ఎయిర్‌బస్‌లో ఢీకొనే ప్రమాదాన్ని హెచ్చరించే టీకాస్ కూడా పసిగట్టలేదు.

మన రైల్వేలోనూ ఇదే జబ్బు. ఎర్ర సిగ్నల్ దాటిన లోకో పైలట్‌కు ఉద్యోగమే పోవచ్చు. ఆ సిగ్నల్ దగ్గరకు రేపు మరో లోకో పైలట్ వస్తాడు. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్టిగిడ్డ మధ్య జరిపిన పరీక్షలో ఎదురుగా మరో ఇంజిన్ ఉండగా, తనంతట తానే బ్రేకు వేసే కవచ్ పరికరం 380 మీటర్ల దూరంలోనే రైలును ఆపింది. ఆ పరికరం ఇంకా చేరని మార్గాల్లో సిగ్నల్ దాటిన ప్రతి కేసులోనూ డ్యూటీ గంటలు, సిగ్నల్ కనిపించే దూరం కూడా ఛార్జిషీటులోనే రాయాలి.