కొవిడ్‌ గొడుగు పట్టింది ఎవరికి?

ఫలానా షావుకారు ‘ఐపీ పెట్టాడు’ అంటే మన ఊళ్లలో వేరే వివరణ అక్కర్లేదు. 1920 నాటి ప్రొవిన్షియల్‌ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టులో వేసే పిటిషనే జనం నోట ఐపీ అయింది. 2016లో కొత్త చట్టంగా దివాలా స్మృతి (ఐబీసీ) వచ్చాక ఆ పాత చట్టానికి కాలం చెల్లుతుందనుకున్నారు. చెల్లలేదు. సొంత పేరుతో దుకాణం నడిపేవారికి, భాగస్వామ్య సంస్థలకు సంబంధించిన అధ్యాయాన్ని స్మృతిలో రాసుకున్నారే కానీ అమల్లోకి తేలేదు. దేశంలోని చిన్న వ్యాపారాల్లో అత్యధికం కంపెనీలు కావు, సొంత దుకాణాలే. కరోనా కాలంలో కేంద్రం ఇచ్చిన దివాలా రక్షణ ఎవరికి అందిందో తేల్చాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

2020 జూన్‌ 5 ఆర్డినెన్సుతో స్మృతిలో 10ఎ సెక్షన్‌ చేరింది. ఆ ఏడాది మార్చి 25 నుంచి తలెత్తిన బకాయిలపై ఏ కంపెనీ మీదా దివాలా పిటిషన్‌ వేయడానికి వీల్లేదంది. మొదట ఆరు నెలలన్న గడువు పొడిగింపులతో 2021 మార్చి 24 దాకా సాగింది. ఆ వ్యవధిలోని బకాయిపై ఇక ఎప్పటికీ పిటిషన్‌ వేయకూడదన్నది ఇందులోని అసలు మెలిక. ఆర్డినెన్సుకు ముందే దాఖలైన పిటిషన్లకూ ఇది వర్తిస్తుందని 2021 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బకాయి పడింది కరోనా వల్లేనా, డబ్బుండీ ఎగ్గొట్టారా అన్న ప్రశ్నకు ఈ సెక్షన్‌లో చోటే లేదు. మరోవైపు, నడపలేమని తెలిసి చట్టబద్ధంగా తప్పుకోవాలనుకున్న కంపెనీకీ తలుపు మూసేశారు. తనంతట తాను పిటిషన్‌ వేసుకునే హక్కునూ నిలిపేశారు!

గొడుగు కంపెనీకే పట్టారు. దానికి పూచీ సంతకం పెట్టిన యజమాని వానలోనే నిలబడ్డాడు. వ్యక్తిగత హామీదారులపై దివాలా చర్యలకు వీలు కల్పించే నిబంధనలు 2019 డిసెంబరు 1నే అమల్లోకి వచ్చాయి. 10ఎ వాటి జోలికి వెళ్లలేదు. వాటి చెల్లుబాటును 2021 మే 21న సుప్రీంకోర్టు సమర్థించింది. చిన్న కంపెనీ యజమాని బ్యాంకుకు తాకట్టు పెట్టేది చాలాసార్లు తానుంటున్న ఇల్లే.

కంపెనీ కాని దుకాణదారుకు దక్కింది మారటోరియం, మళ్లీ అప్పు. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా వాయిదాలు ఆగాయి, వడ్డీ ఆగలేదు. ఆ వడ్డీపై వడ్డీ వేయొద్దని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2021 మార్చి 23 వచ్చింది. మూడు లక్షల కోట్ల రూపాయల అత్యవసర రుణ హామీ పథకం మేలే చేసింది, కాదనం. కానీ అది బ్యాంకులోనో, నమోదైన ఫైనాన్స్‌ కంపెనీలోనో పాత రుణం ఉన్నవారికే. రోజువారీ వడ్డీకి ఫైనాన్షియర్‌ దగ్గర తెచ్చుకున్నవారి ఊసు అందులో లేదు. దుకాణం అద్దె సంగతీ అంతే: లాక్‌డౌన్‌ పేరు చెప్పి అద్దె మాఫీ కోరిన కిరాయిదారుకు 2020 మేలో దిల్లీ హైకోర్టు కాస్త గడువిచ్చిందే తప్ప బాకీ కొట్టేయలేదు.

కొత్త బకాయిలకు 10ఎ రక్షణ గడువుతో పోయింది. పోనిది మరొకటి ఉంది. 2020 మార్చి 24న, లాక్‌డౌన్‌ ప్రకటించిన రోజే, దివాలా పిటిషన్‌ వేయడానికి కావాల్సిన కనీస బకాయిని లక్ష రూపాయల నుంచి ఏకంగా కోటికి పెంచారు. చిన్న పరిశ్రమలను కాపాడటానికేనని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌ చెప్పారు. బాకీ పడ్డ చిన్న సంస్థకు అది రక్షణే. అయితే చిన్న పరిశ్రమ బాకీదారు మాత్రమే కాదు, రావాల్సిన బిల్లుల కోసం పెద్ద కంపెనీల గుమ్మాల ముందు పడిగాపులు పడేదీ అదే. జీడిమెట్లలో విడిభాగాలు చేసే యూనిట్‌కు ఓ పెద్ద కంపెనీ నుంచి 40 లక్షలు రావాలనుకుందాం. లక్ష పరిమితి ఉన్న రోజుల్లో దివాలా నోటీసు అందితే అవతలివాళ్లు కనీసం ఫోన్‌ ఎత్తేవారు. ఇప్పుడు ఆ నోటీసు చిత్తు కాగితం.

దివాలా స్మృతి బకాయిలు వసూలు చేసుకునే పనిముట్టు కాదని సుప్రీంకోర్టు పలుమార్లు అంది. నిజమే. లక్ష రూపాయల తగాదాలతో దివాలా కేసులు వినే ట్రైబ్యునళ్లు నిండిపోతాయన్న వాదనా కొట్టిపారేసేది కాదు. 71 శాతం కేసులు 180 రోజులు దాటి నలుగుతున్నాయని 2021 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘమే చెప్పింది. మరి బకాయి వసూలుకు పనిముట్టు ఎక్కడ? 45 రోజుల్లో చెల్లించాలని, తప్పితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్‌ఎంఈ) చట్టం చెబుతోంది. ఇలాంటి బకాయి తగాదాలు వినే ఫెసిలిటేషన్‌ కౌన్సిల్‌ 90 రోజుల్లో తేల్చాలనీ అంటోంది. ఆ తీర్పు చేతికొచ్చాక అమలు కోసం మళ్లీ సివిల్‌ కోర్టు మెట్లెక్కాలి. రేపు మళ్లీ అదే కంపెనీ ఆర్డరిస్తేనే పని నడిచే మనిషి ఆ మెట్లెక్కుతాడా?

సూక్ష్మ, చిన్న సరఫరాదారుల విషయంలో కోటి పరిమితిని 10 లక్షలకు దించాలని మేం కోరుతున్నాం. ఇది కొత్త అంకె కాదు. 2021 ఏప్రిల్‌లో చిన్న పరిశ్రమల కోసమే తెచ్చిన ముందస్తు ఒప్పంద దివాలా ప్రక్రియకు (అప్పులిచ్చినవారితో ముందే ఒప్పందానికొచ్చి ట్రైబ్యునల్‌కు వెళ్లే పద్ధతి) ప్రభుత్వమే పెట్టుకున్న కనీస బకాయి అది. ఎవరి అప్పు పరిష్కరించడానికి పది లక్షలు సరిపోయాయో, వారు తమకు రావాల్సిన బాకీ అడగడానికి కోటి కావాలనడంలో న్యాయమేమిటో కేంద్రం చెప్పాలి. దానితోపాటే సొంత దుకాణాల అధ్యాయాన్నీ అమల్లోకి తేవాలి. అంతవరకు మన గుంటూరు, వరంగల్‌ వ్యాపారి చేతులెత్తేసిననాడు వకీలు అల్మారాలోంచి తీసేది వందేళ్లు దాటిన ఆ చట్టం పుస్తకాన్నే.