మొదటి రెండు రోజుల జ్వరం ఎవరి ఖాతాలో?

బెంగళూరు గార్మెంట్స్‌లో పనిచేసే ఆడమనిషి జ్వరమొచ్చి మంచాన పడితే, మొదటి రెండు రోజులకు ఈఎస్‌ఐ (జీతంలోంచి చందా కట్టే కార్మికుల ఆరోగ్య బీమా) నుంచి పైసా రాదు. అనారోగ్య భృతి మూడో రోజు నుంచే లెక్కలోకి వస్తుంది, అదీ వేతనంలో 70 శాతం. కోలుకున్న పదిహేను రోజుల్లోపు మళ్లీ జబ్బు పడితే మాత్రం ఈ రెండు రోజుల మినహాయింపు ఉండదట, అంతవరకూ దయే. నెల జీతం 12,000 రూపాయలు అనుకుందాం. రోజుకు 400. మూడు రోజులు పడుకుంటే పోయేది 1,200, తిరిగొచ్చేది సుమారు 280. ఆ 280 కోసం డిస్పెన్సరీకి వెళ్లి, లైన్లో నిలబడి, డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించుకుని, అది ఆఫీసుకు చేరేలా చూసుకోవాలి. ఒళ్లు కాలిపోతున్న మనిషి చేయాల్సిన పనులివి. పైగా చాలా ఫ్యాక్టరీల్లో నెలంతా నాగా లేకుండా వస్తేనే హాజరు బోనస్ ఇస్తారు. జ్వరమైనా, పెళ్లయినా నాగా నాగానే.

ఈ లెక్కను ఎవరూ కాగితం మీద వేసి చూడరు. మాత్ర మింగి, టిఫిన్ క్యారియర్ బ్యాగులో పెట్టుకుని పొద్దున ఎనిమిదికే బస్సు కోసం రోడ్డు మీదికొచ్చే ప్రతి మహిళకూ అది నోటికొచ్చు. బొమ్మనహళ్లి, పీణ్య, మైసూరు రోడ్డు వైపు ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు కూర్చునేవాళ్లలో హిందూపురం, కదిరి, మదనపల్లె, పుంగనూరు నుంచి వచ్చిన మన ఆడవాళ్లు ఎందరో. "ఏమైందమ్మా, మొహం అట్లా పీక్కుపోయింది?" అని అడిగితే "ఏంలేదక్కా, కొంచెం నీరసం" అంటారు. నడుం నొప్పైనా, తెల్లబట్ట అయినా, నెల నెలా అవసరానికి మించి రక్తం పోతున్నా, బయటికొచ్చే మాట ఆ ఒక్క నీరసమే.

మానలేకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. లైను పనిచేసే తీరు తెలిస్తే ఇది అర్థమవుతుంది. చొక్కా ఒక మనిషి చేతిలో తయారవదు. ఒకరు కాలర్ కుడతారు, ఇంకొకరు చేయి అతుకుతారు, మరొకరు కఫ్ వేస్తారు. కత్తిరించిన ముక్కలు కట్టలు కట్టలుగా ఒక మిషన్ నుంచి పక్క మిషన్‌కు జరుగుతుంటాయి. గంటకు ఇన్ని అని టార్గెట్. మధ్యలో ఒక మనిషి రాకపోతే కట్టలు అక్కడ పేరుకుపోతాయి. ఖాళీ మిషన్ దగ్గర హెల్పర్‌ను కూర్చోబెడతారు, లేదంటే పక్కన కూర్చున్న ఆమె చేతే రెండు పనులూ చేయిస్తారు. సాయంత్రం టార్గెట్ తగ్గితే సూపర్‌వైజర్ తిట్లు రాని మనిషికి కాదు, వచ్చినవాళ్లకు తగులుతాయి. కాబట్టి సెలవు పెట్టిన మనిషి మర్నాడు ముందుగా సంజాయిషీ చెప్పుకోవాల్సింది యజమానికి కాదు, పక్క మిషన్ అక్కకు. యాజమాన్యం అదనపు మనుషుల్ని పెట్టుకోనందువల్ల వచ్చిన తగువు ఇద్దరు కూలి ఆడవాళ్ల మధ్య మనస్పర్థగా మారుతోంది. ఇంత చవకైన క్రమశిక్షణ యాజమాన్యాలకు ఇంకెక్కడ దొరుకుతుంది?

మిషన్ కింద పెట్టుకున్న నీళ్ల సీసా సంగతీ చెప్పుకోవాలి. పొద్దున నింపుకొచ్చిన నీళ్లు మధ్యాహ్నానికీ సగం దిగవు. తాగితే బాత్రూముకు వెళ్లాలి, వెళ్తే కట్టలు పేరుకుంటాయి, అడిగి వెళ్లాలంటే మొహమాటం. దాహం చంపుకోవడం అలవాటైపోతుంది. మూత్రంలో మంట మొదలైతే మెడికల్ షాపులో చెప్పి రెండు మాత్రలు తెచ్చుకుంటారు. డాక్టరు చీటీ లేకుండా తెచ్చుకున్న యాంటీబయాటిక్ మంట తగ్గగానే ఆపేస్తారు, కొన్నాళ్లకు మళ్లీ అదే మంట. ఇన్ఫెక్షన్ పైకి పాకి కిడ్నీ దాకా వెళ్తే అప్పుడు చలిజ్వరం, నడుం పోట్లు, ఆసుపత్రి మంచం. సరిగ్గా నీళ్లు తాగి, వేళకు బాత్రూముకు వెళ్లివుంటే చాలావరకు రాకపోయే జబ్బు ఇది.

రక్తం సంగతి ఇంకా అన్యాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 57 శాతం, కర్ణాటకలో దాదాపు 48 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59 శాతం. ఊళ్లో ఉన్నప్పుడే రక్తం తక్కువగా ఉన్న పిల్ల సిటీకొచ్చి తొమ్మిది గంటలు మిషన్ తొక్కుతోందన్నమాట. మెట్లెక్కితే ఆయాసం, లేస్తే కళ్లు తిరగడం, ఎప్పుడూ నిద్రమత్తు. ఇంట్లో దీనికి పెట్టిన పేరు బద్ధకం. ఫ్యాక్టరీలో పెట్టిన పేరు స్లో. అదే సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలు అంటున్నాయి. మంచిదే. కానీ మిషన్ల ముందు కూర్చున్న మొహాలు ఒకసారి చూడండి. పాతికేళ్లకే రక్తం లేక పాలిపోయిన పిల్లను ఇంకో పదిహేనేళ్లు ఆగి రమ్మంటామా?

ఇక్కడే ఈఎస్‌ఐ లెక్కలోని విడ్డూరం బయటపడుతుంది. క్షయ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘవ్యాధులకు తగినన్నాళ్లు చందా కట్టినవాళ్లకు వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు భృతి ఇచ్చే ఏర్పాటు ఈ పథకంలో ఉంది. కూలివాళ్లకు ఇంత భరోసా ఇచ్చే పథకం మనకు మరొకటి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. రాజాజీనగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి చలవతో బతికి బయటపడ్డ కుటుంబాలు తెలుగువాళ్లలోనూ ఉన్నాయి. మరి జబ్బు ముదిరాక రెండేళ్లు పోషించడానికి సిద్ధపడే సంస్థ, ముదరకముందు రెండు రోజులు పడుకోవడానికి డబ్బివ్వనంటే ఏమనుకోవాలి? దొంగ జబ్బులు చెప్పి మానేస్తారన్న అనుమానంతో పెట్టిన నిబంధన ఇది. ఆ అనుమానానికి వయసు చాలా ఎక్కువ, ఈఎస్‌ఐ 1948 నాటి చట్టంతో మొదలైంది. జీతం కోత, బోనస్ కోత, తోటివాళ్ల చిరాకు అన్నీ భరించి మరీ దొంగ జ్వరం తెచ్చుకునే ఆడమనిషి ఎక్కడుందో మాకైతే తెలియదు.

ఐటీ వైపు పరిస్థితి వేరు, ఫలితం దాదాపు అంతే. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టంలో ఏడాదికి 12 రోజుల అనారోగ్య సెలవు ఉంది. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్‌లలో ఉండే మన అమ్మాయిలకు సెలవు లేక కాదు, వాడుకోలేక. ఇంటి నుంచి పని వచ్చాక "జ్వరంగా ఉంది, ఇవాళ ఇంటి నుంచి చేస్తాను" అనే మెసేజ్ మర్యాద అయిపోయింది. సెలవు కావాలని అడగాల్సిన చోట కూడా జ్వరంతో పనిచేస్తానని హామీ ఇస్తున్నారు. పిల్లకు ఒళ్లు వేడెక్కి ప్లే స్కూల్ నుంచి ఫోన్ వచ్చిన రోజు కోసం సొంత సెలవు దాచుకునే తల్లులు ప్రతి టీమ్‌లో ఉంటారు. తమ జ్వరానికి మాత్రలు, పిల్ల జ్వరానికి సెలవు. ఆ మాత్రల్లో ఇంటింటా వినిపించే డోలో 650 తయారు చేసే కంపెనీ కూడా ఈ ఊరిదే, కాకతాళీయమే అనుకోండి.

ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఈ పాటి కాగితం హక్కులు కూడా లేవు. ఇళ్ల పనికి కనీస వేతనం ప్రకటించిన రాష్ట్రాల్లో కర్ణాటక ముందువరసలో ఉంది, 2004లోనే ఆ పని చేసింది. కానీ కనీస వేతనం ఉన్నంత మాత్రాన జ్వరానికి సెలవు రాదు. ఇంటి పనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒడంబడికను మన దేశం ఇంకా ఆమోదించలేదు. మూడిళ్లలో అంట్లు తోమే ఆమె రెండు రోజులు రాకపోతే అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడో రోజే "పనిమనిషి కావాలి" అని మెసేజ్ పడుతుంది. ఇందులో మన పాఠకులకూ వాటా ఉంది. తమ ఆఫీసులో అనారోగ్య సెలవు హక్కు అని గట్టిగా మాట్లాడేవాళ్లే, పనిమనిషికి చికున్‌గన్యా వచ్చిన నెల జీతంలో కోత ఎంత వేయాలని లెక్కలు కడుతున్నారు.

ఇక ఇల్లు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులకు ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఇస్తున్నట్టు తేలింది. ఆ పనుల్లో చెయ్యేసే మగవాళ్లు ఇచ్చేది 88 నిమిషాలు. ఒంట్లో బాగోలేని రోజు ఈ 289లో ఎన్ని తగ్గుతాయో సర్వే అడగలేదు, మనమూ అడగం. సాయంత్రం ఆరున్నరకు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తలకు గుడ్డ బిగించి కట్టుకుని, నుదుటికి ఇంత బామ్ పూసుకుని పొయ్యి వెలిగించే ఆమెను చూసి "ఎంత ఓర్పో మా ఆవిడకి" అని మురిసిపోయే భర్త చెడ్డవాడు కాకపోవచ్చు. ఆ మురిపెం తర్వాత కూడా గ్యాస్ దగ్గరికి వెళ్లేది ఆమే. "నువ్వు పడుకో, ఇవాళ హోటల్ నుంచి తెస్తాలే" అనేవాడు ఇంకాస్త నయం, గిన్నెలు మాత్రం మర్నాటి పొద్దున ఆమె కోసం సింకులో ఎదురుచూస్తుంటాయి. పనిలో పాలు పంచుకోకుండా ఓర్పును పొగడటం, జీతం పెంచకుండా ఉత్తమ ఉద్యోగి బిరుదు ఇవ్వడం లాంటిది. మాతృదినోత్సవం రోజు జబ్బును లెక్కచేయని తల్లి గురించి ప్రకటనలు పత్రికల్లోనే వస్తాయి, అందుకు పత్రికలూ జవాబు చెప్పాలి.

కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో నెలసరి సెలవుకు ఆమోదం తెలిపింది. నెలకు ఒక రోజు చొప్పున ఏడాదికి 12 రోజులు, జీతంతో. గార్మెంట్స్, ఐటీ, బహుళజాతి సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు అన్నింటికీ వర్తించాలన్నది నిర్ణయం. ఆడవాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకోవడమే మానేస్తారన్న వాదన వెంటనే లేచింది, హోటళ్ల సంఘం హైకోర్టు తలుపు తట్టింది. ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకు పెంచినప్పుడూ ఇదే వాదన విన్నాం. ఆ భయం పూర్తిగా ఉత్తదని మేం అనం. చిన్న సంస్థలు లెక్కలు వేసుకుంటాయి. అయితే ఆ భయానికి మందు సెలవు ఎత్తేయడం కాదు, ఖర్చును ఒక్క యజమాని మీదే పడకుండా పంచడం. ఆ పని చేయడానికే కదా ఈఎస్‌ఐ లాంటి బీమా పుట్టింది! నెలసరి సెలవు విషయంలో మాకున్న దిగులు వేరు. లైన్లో సూపర్‌వైజర్‌ ముందు, అందరూ వింటుండగా, ఆ సెలవు పేరు చెప్పి అడగగల ఇరవై రెండేళ్ల పిల్లలు ఎందరు? పేరు చెప్పకుండా, చీటీ తేకుండా తీసుకునే వీలుంటేనే ఆ 12 రోజులు నిజంగా వాళ్లవి అవుతాయి.

వలస వచ్చిన తెలుగువాళ్లకు మరో చిక్కు చిరునామా. 2023 జూన్ నుంచి నడుస్తున్న శక్తి పథకంలో మహిళలకు బస్సు ఉచితం, కాకపోతే కర్ణాటకవాసులకు మాత్రమే. ఆధార్‌లో ఇంకా చిత్తూరు జిల్లా చిరునామా ఉన్న ఆమె ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లడానికి టికెట్ కొనాలి. అద్దె ఇంటి ఓనర్లు అగ్రిమెంట్ రాసివ్వరు, అగ్రిమెంట్ లేక ఆధార్ మారదు. వార్డుల్లో ప్రభుత్వం పెట్టిన నమ్మ క్లినిక్‌లలో ఆధార్ ఏ ఊరిదైనా బీపీ, షుగర్, రక్తం చూసి మందులివ్వడానికి పెద్ద అడ్డేమీ ఉండకూడదు. అసలు చిక్కు వేళలది. చాలా క్లినిక్‌లు పగలు నడుస్తాయి, ఫ్యాక్టరీ కూడా పగలే నడుస్తుంది. ఆరు తర్వాత తెరిచి ఉండేది వీధి చివర మెడికల్ షాపు ఒక్కటే, అందుకే దానికి అంత గిరాకీ.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. ఈఎస్‌ఐలో ఆ రెండు రోజుల కోత ఎత్తేయడానికి చట్టం తిరగరాయక్కర్లేదు, కేంద్రం నిబంధన సవరిస్తే సరిపోతుంది. 2017 జనవరి నుంచి కదలకుండా 21,000 దగ్గరే ఉన్న ఈఎస్‌ఐ వేతన పరిమితిని కూడా అదే చేత్తో పెంచాలి, లేకపోతే జీతం నాలుగు రూపాయలు పెరిగిన పాపానికి వైద్యం పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. సర్టిఫికెట్ ఉన్న జబ్బు రోజుకు హాజరు బోనస్ కోయకూడదని రాష్ట్ర కార్మిక శాఖ ఫ్యాక్టరీలకు చెప్పాలి. ప్రతి లైనుకూ ఒకరిద్దరు అదనపు టైలర్లు ఉన్నారో లేదో తనిఖీకి వెళ్లినప్పుడు చూడాలి. గార్మెంట్స్ వాడల్లోని క్లినిక్‌లన్నీ రాత్రి తొమ్మిది దాకా నడవాలి.

2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు తీసుకునే నిబంధనలు బిగించినప్పుడు ఈ ఆడవాళ్లే హోసూరు రోడ్డు, మైసూరు రోడ్డు దిగ్బంధం చేశారు. కేంద్రం రోజుల్లో వెనక్కి తగ్గింది. పీఎఫ్ చీటీలో పడే కోత కళ్లకు కనిపించింది, ఒంట్లో పడే కోత కనిపించక ఎవరూ రోడ్డెక్కడం లేదు. బెంగళూరులో కొత్తగా ఏర్పడ్డ ఐదు నగర కార్పొరేషన్లకు ఎన్నికలంటూ అభ్యర్థులు గార్మెంట్స్ వాడలకు వచ్చినప్పుడు, క్లినిక్ వేళల సంగతి వాళ్లనే నిలదీయొచ్చు. మన ఆడవాళ్లలో చాలామందికి ఓటు మదనపల్లెలోనో కదిరిలోనో ఉంటుంది, కాబట్టి అభ్యర్థి వినీవిననట్టు పోవచ్చు. ఈఎస్‌ఐకి నెల నెలా జీతంలోంచి 0.75 శాతం చందా మాత్రం బెంగళూరులోనే పట్టుకుంటున్నారు. ఆ చందా కట్టేవాళ్లుగా మొదటి రెండు రోజుల భృతి అడుగుతూ ఈఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయానికి అర్జీలు పెట్టడానికి కార్మిక సంఘాలు, ఈ ఊళ్లోని తెలుగు సంఘాలు కలిసి రావాలి. ఉగాది కవి సమ్మేళనాలకు హాళ్లు బుక్ చేసే సంఘాలు, ఒక ఆదివారం బొమ్మనహళ్లిలో రక్తపరీక్షల శిబిరం కూడా పెట్టొచ్చు.