రెబెకా సాలమన్ తమ్ముడి నీడ కాదు

రెబెకా సాలమన్ అనే ఇంగ్లిష్ చిత్రకారిణి గురించి ఒకే కథ తిరుగుతోంది. అన్న ఏబ్రహాం, తమ్ముడు సిమియన్ పేరున్న చిత్రకారులు, వాళ్లని చూసి ఈమె కూడా ఏదో గీసింది, సొంత చూపు లేకుండా కాపీలు గీసింది, 1873లో తమ్ముడు స్వలింగ సంపర్కం కేసులో అరెస్టు కావడంతో కుంచె వదిలేసి తాగుడికి బానిసై, ఆ మత్తులోనే బండి కింద పడి చనిపోయింది అని. ఒక్కో మాటా పట్టుకుని చూద్దాం.

తమ్ముడి అడుగుజాడల్లో నడిచిందన్నది శుద్ధ తప్పు. రెబెకా పుట్టింది 1832లో, సిమియన్ 1840లో. చిత్రకారులకు పేరు తెచ్చే పెద్ద కళా సంస్థ లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో ఆమె బొమ్మ మొదటిసారి వేలాడింది 1852లో. అప్పటికి తమ్ముడికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. అతని బొమ్మ అక్కడికి చేరింది 1858లో. ఆమె నిజంగా రుణపడింది అన్న ఏబ్రహాంకి. అతని స్టూడియోలోనే పని నేర్చుకుంది. అది దాచాల్సిన సంగతేం కాదు.

ఇక కాపీలు గీసే మనిషి అన్న మాట. మిలే లాంటి పెద్ద చిత్రకారుల బొమ్మలకు నకళ్లు గీసిన మాట నిజమే, అది కూలి పని. అన్నదమ్ములిద్దరూ అకాడమీ స్కూల్లో చదివారు, ఆడపిల్ల కాబట్టి ఈమెకు ఆ గడప దాటే వీలే లేదు. స్పిటల్‌ఫీల్డ్స్‌లోని డిజైన్ స్కూలుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్లనీ చేర్చుకోమని 1859లో అకాడమీకి అర్జీ పెట్టిన చిత్రకారిణుల్లో రెబెకా కూడా ఉంది. మరుసటేడు లారా హెర్‌ఫర్డ్ అనే చిత్రకారిణి పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరంతో బొమ్మలు పంపితే, మగవాడనుకుని సీటిచ్చారు. అలాంటి రోజులవి.

సొంత చూపు లేదనేవాళ్లు 1854లో ఆమె ప్రదర్శించిన ‘గవర్నెస్’ (అంటే జీతానికి ఇంట్లో ఉండి పిల్లలకు చదువు చెప్పే ఆవిడ) బొమ్మ ముందు కాసేపు నిలబడాలి. పియానో దగ్గర రంగుల గౌనులో ఒకమ్మాయి, ఆమె మీదికి వంగి కబుర్లాడుతున్న యువకుడు. అదే గదిలో ముదురు రంగు బట్టల్లో ఇంకో అమ్మాయి, పక్కన ఒక పిల్లవాడు, చేతిలో పాఠం. వయసు అదే, గది అదే. ఒకరిది సరదా, ఇంకొకరిది జీతం. 1861 నాటి ‘యంగ్ టీచర్’ నాకు ఇంకా ఇష్టం. అందులో ఒక తెల్లపిల్ల తమ ఇంటి భారతీయ ఆయాకి పాఠం చెబుతుంటుంది. ఆయాగా కూర్చున్నది జమైకాలో పుట్టి లండన్‌లో బతుకుతున్న ఫానీ ఈటన్. చదువు ఎవరి చేతిలో ఉంది, చాకిరీ ఎవరి చేతిలో ఉంది అన్నది ఆ ఒక్క బొమ్మలోనే తెలిసిపోతుంది. చూసి గీసేవాళ్లకు ఇది తట్టదు.

అరెస్టుతోనే కెరీర్ ముగిసిందన్నది కూడా అతకదు. అకాడమీలో ఆమె బొమ్మలు కనబడటం 1860ల చివరికే ఆగిపోయింది, అంటే అరెస్టుకు కొన్నేళ్ల ముందే. అసలు దెబ్బ 1862 డిసెంబరులో తగిలింది. ఏబ్రహాం ఫ్రాన్స్‌లోని బియారిట్జ్‌లో చనిపోయాడు. ఆమెకు గురువూ, తోడూ పోయారు. సిమియన్ గొడవ వల్ల ఇంటిపేరుకి మచ్చ పడింది, ఆ కష్టం ఆమెకూ తగిలే ఉంటుంది. కానీ తగ్గుదల అప్పటికే మొదలైంది.

చివరిది తాగుడు. ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించేది. సిమియన్ తాగుడికి సాక్ష్యాలు బోలెడు. అతను 1905లో లండన్‌లోని సెయింట్ జైల్స్ వర్క్‌హౌస్‌లో, అంటే దిక్కులేని పేదలను ఉంచే చోట, చనిపోయాడు. రెబెకా విషయంలో గట్టిగా తెలిసింది ఒక్కటే. 1886 నవంబరులో, 54 ఏళ్ల వయసులో, యూస్టన్ రోడ్డు మీద గుర్రపు బండి గుద్దేసి చనిపోయింది. గుర్రపు బళ్లతో కిక్కిరిసిన లండన్ వీధిలో బండి గుద్దడానికి తాగి ఉండనక్కర్లేదు. తమ్ముడి అలవాటు తెచ్చి అక్కకి అంటగట్టి, దాన్నే ఆమె చావుకి కారణం చేశారు. ఆమె తాగుబోతని రాసేవాళ్లు, ఆమె బతికుండగా కళ్లారా చూసి ఆ మాట అన్నదెవరో ముందు చెప్పాలి.